పనస కింద హైడ్రాంజియాలు పదకొండుకే వాడిపోతున్నాయి, గోడ వారది గులాబీ అయిపోయింది – ఎక్కడ పెట్టాలి?

సెమిలిగుడ_పెరడు
పెరట్లో పెద్ద పనస ఒకటి, పడమటి కంచె వెంట సిల్వర్ ఓకులు రెండు. పాత చెట్లు, కొట్టే ఉద్దేశం లేదు. వాటి నీడలో కాస్త రంగు ఉండాలని జనవరిలో ఆరు హైడ్రాంజియాలు పెట్టాం. మూడు పనస మొదలు చుట్టూ, రెండు సిల్వర్ ఓకుల మధ్య, ఒకటి ఇంటి గోడ వారన.

పనస కిందవి పదకొండు కొట్టేసరికి ఆకులు వేలాడేస్తున్నాయి. ఓకుల మధ్యవి ఎదగలేదు, ఆకు కూడా చిన్నదైపోయింది. గోడ వారది ఎదిగింది గానీ నీలం అని తెచ్చినది మురికి గులాబీలో పూసింది. దాని కొత్త ఆకులు పసుపు, ఈనెలు మాత్రం పచ్చ. నీళ్లు రోజూ పోస్తున్నాం.

పనస చుట్టూ ఇటుకలతో గుండ్రంగా అరుగు కట్టి, మట్టి నింపి, అందులో మొక్కలు సర్దితే అందంగా ఉంటుందని మేస్త్రి అంటున్నాడు. ఎల్లుండి ఇటుకలు దిగుతాయి. కట్టించాలా?

పర్లాకిమిడి_పనస
ముందు ఆ ఇటుకలు ఆపీండి. మిగతాది తరవాత సూద్దాం.

పనసకి నీళ్లూ గాలీ తీసుకునీ వేర్లు ఎక్కువ పైనున్న అడుగు, అడుగున్నర మట్టిలోనే ఉంటాయి. దాని మీద ఇంకో అడుగు మట్టి పోసీసినారంటే వాటికి గాలాడదు. మొదలు బెరడుకి తడిమట్టి అంటుకుని ఉంటే బెరడు మెత్తబడి కుళ్లిపోద్ది. ఇదేటంటే వెంటనే తెలీదు. రెండు మూడేళ్లకి పైకొమ్మలు పలచబడతాయి, కాయ చిన్నదయిపోద్ది, అప్పటికి అరుగు సంగతి ఎవరికీ గుర్తుండదు, తెగులనుకుంటారు. పైగా పాత పనస మొదట్లోనే కాస్తాది. అరుగు కట్టీసి ఆ కాయల్ని మట్టిలో పాతిపెడతారా?

జయపురం_జాజి
అరుగే కాదు, టైల్సు పరిచినా అంతే. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో చెట్ల చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తీసెయ్యమని చెప్పింది. ఇంటి పెరట్లో ఆ ఒక్క మీటరు సరిపోదు, పెద్ద చెట్టుకి ఇంకా వదలాలి.

కోరాపుట్_మాలి
స్థలం చెప్పే ముందు ఇవి కావాలి:
పనస మొదలు నుంచి మొక్క ఎంత దూరం? కొమ్మల గొడుగు అంచు మొదలుకి ఎంత దూరం? తెల్లారి ఆరింటికి ఆకులు నిక్కి ఉంటున్నాయా, అప్పటికీ వాడే ఉంటున్నాయా? నీళ్లు బోరువా? గోడకి వేసింది సున్నమా, పెయింటా? ఎరువేం వేశారు?

ఆరింటి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం.

సెమిలిగుడ_పెరడు
ఇటుకలు వద్దని చెప్పేశాను.

మొదలుకి రెండున్నర అడుగులు. గొడుగు అంచు కొలిచాం, తూర్పు వైపు 16 అడుగులు. తెల్లారి నిక్కే ఉంటున్నాయి. బోరు నీళ్లు, మొక్కకి రెండు మగ్గులు. గోడకి సున్నం, ఏటా సంక్రాంతి ముందు వేయిస్తాం. ఎరువు అంటే నెలకో చెంచా డీఏపీ. గోడ వారదానికి కట్టెల పొయ్యి బూడిద కూడా, పురుగు పట్టకుండా.

సునాబెడ_ఎర్రమట్టి
డీఏపీ, బూడిద, సున్నం. మూడూ ఒకే మొక్కకి. రంగు ఎందుకు పోయిందో దీంతోనే తేలిపోయింది. విడిగా రాస్తాను.

కోరాపుట్_మాలి
తెల్లారి నిక్కి ఉంటే వేరు బతికే ఉందని అర్థం. ఎండకి ఆకులోంచి పోయేంత నీళ్లు వేరు ఆ వేళకి తోడలేకపోతోంది, సాయంత్రం కోలుకుంటోంది. తెల్లారి కూడా వాడి ఉంటే రెండే కారణాలు: మట్టి నిజంగా ఎండిపోయింది, లేదా నీళ్లెక్కువై వేరు కుళ్లింది. రెండంగుళాలు వేలు గుచ్చి చూస్తే ఏదో తెలుస్తుంది. మధ్యాహ్నం వాడింది కదా అని అప్పటికప్పుడు బకెట్లు పోసేవాళ్లే ఈ మొక్కని ఎక్కువగా చంపేది.

పనస కింద అసలు తప్పు దూరం. మొదలుకి రెండున్నర అడుగుల్లో గడ్డపార దించితే చేతి బొటనవేలంత లావు వేర్లు తెగుతాయి. ఆ గుంతలో మీరు పోసిన మంచి మట్టినీ, మీ రెండు మగ్గుల్నీ పనస వారంలో కనిపెట్టేస్తుంది. నీడ కూడా అక్కడ మరీ చిక్కన. హైడ్రాంజియాకి కావలసింది పూర్తి నీడ కాదు. పొద్దున మూడు నాలుగు గంటల ఎండ, పదకొండు తర్వాత నీడ. అది మొదట్లో దొరకదు, తూర్పు గొడుగు అంచు దగ్గర దొరుకుతుంది.

మీ కొలత ప్రకారం తూర్పు వైపు 15 నుంచి 19 అడుగుల మధ్య నెలవంకలా ఒక పాదు గీయండి. మొక్కకీ మొక్కకీ 4 అడుగులు. అక్కడ కూడా వేర్లు ఉంటాయి, కానీ సన్నవి, తెగినా చెట్టుకి తెలియదు. గుంత వెడల్పు అడుగున్నర, లోతు అడుగు. లోతు కన్నా వెడల్పు ముఖ్యం. బొటనవేలంత వేరు తగిలితే కొయ్యొద్దు, గుంతనే అరడుగు పక్కకి జరపండి.

తీసిన ఎర్రమట్టి రెండు వంతులు, చివికిన ఆకు ఎరువు ఒక వంతు, ఏడాది నిండిన పశువుల ఎరువు అర వంతు. వేపపిండి రెండు గుప్పెళ్లు. పచ్చి పేడ వద్దు, చెదలు వస్తాయి. కుండీలో మట్టిమట్టం ఎంత ఉందో నేలలోనూ అంతే ఉండాలి, కాండం అంగుళం కూడా లోపలికి పోకూడదు.

ఇప్పుడు మాత్రం తవ్వొద్దు. మే ఎండలో కదిపితే పోతాయి. వానలు పట్టాక, జూన్ మూడో వారం తర్వాత, మబ్బు పట్టిన రోజు సాయంత్రం.

రాయగడ_మిద్దె
తూర్పెందుకు? ఎక్కడ చదివినా ఉత్తరం వైపు గోడ నీడలో పెట్టమని ఉంటుంది. అదే చల్లన కదా.

కోరాపుట్_మాలి
అది ఎక్కడో పైదేశాల లెక్కండి. అక్కడ సూర్యుడు ఏడాదంతా దక్షిణంగానే వాలి ఉంటాడు. కోరాపుట్ 18.8 డిగ్రీల అక్షాంశం. మే మూడో వారం నుంచి జులై చివరి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. అంటే సరిగ్గా ఎండ మండే రోజుల్లోనే ఉత్తరపు గోడకి నీడ ఉండదు. మే చివర మధ్యాహ్నం పన్నెండుకి ఉత్తరపు గోడ దగ్గర ఒక కర్ర పాతి చూడండి, తెలుస్తుంది. చలికాలంలో అదే గోడ రోజంతా నీడ, అప్పుడు మొక్కకి ఎండ కావాలి. రెండు కాలాల్లోనూ తిరకాసే.

రాయగడ_మిద్దె
ఇదెప్పుడూ ఆలోచించలేదు. సరే, తూర్పే.

సునాబెడ_ఎర్రమట్టి
రంగు సంగతి.

మనం పువ్వు అనుకునేవి రేకులు కావు, రక్షక పత్రాలు. నీలం రావాలంటే వాటిలోకి అల్యూమినియం చేరాలి. మట్టిలో అల్యూమినియం ఉన్నా చాలదు, కరిగి వేరుకి అందాలి. పీహెచ్ (మట్టి ఎంత ఆమ్లమో చెప్పే అంకె, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.5 కన్నా తక్కువ ఉంటే కరుగుతుంది, 6.5 దాటితే గట్టిగా బిగుసుకుపోతుంది. మధ్యలో ఉంటే ఊదా, లేదా మీరన్న మురికి గులాబీ. తెల్లరకం మాత్రం ఏం చేసినా నీలం కాదు.

మన కోరాపుట్ జిల్లాలో అల్యూమినియం కొనాల్సిన పనే లేదు. దమన్‌జోడి పక్కన పంచపట్‌మాలి కొండ మీద తవ్వేదే బాక్సైటు, అంటే అల్యూమినియం ఖనిజం. వానలకి సున్నం కొట్టుకుపోయి మిగిలిన ఆమ్లపు ఎర్రమట్టి మనది. తన మానాన వదిలేస్తే నీలమే పూస్తుంది. పాడు చేసేది మనం వేసేవే:

సున్నం వేసిన గోడ. ప్రతి వానకీ కొంత కడిగి పాదులోకి దింపుతుంది. పునాది సిమెంటు కూడా అంతే.

బూడిద. క్షారం. చిక్కుడు పాదుకి మంచిదే, దీనికి పనికిరాదు.

డీఏపీ. అందులో నత్రజని 18, భాస్వరం 46 శాతం. భాస్వరం అల్యూమినియాన్ని పట్టుకుని కరగని ముద్ద చేస్తుంది. మట్టి ఆమ్లంగానే ఉన్నా నీలం పోతుంది. ఎముకల పొడి మరీ ఘోరం, భాస్వరంతో పాటు సున్నం కూడా.

కొత్త ఆకు పసుపు, ఈనెలు పచ్చ అన్నారే, అది ఇనుము అందకపోవడం. దానికీ సున్నమే కారణం. తక్షణానికి లీటరు నీళ్లలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మఉప్పు (సిట్రిక్ యాసిడ్). ముందు నిమ్మఉప్పు కరిగించి, తర్వాత అన్నభేది వెయ్యాలి. సాయంత్రం ఆకుల మీద పిచికారీ, వారం తేడాతో రెండుసార్లు. నీళ్లు తుప్పురంగుకి తిరిగితే పారబోసి మళ్లీ కలుపుకోండి. ఇది మందు మాత్రమే, జబ్బు గోడ దగ్గరుంది. ఆ మొక్కని గోడకి కనీసం 5 అడుగుల దూరం తీసుకుపోండి.

గుణుపూర్_గులాబీ
తుప్పు మేకులు పాతితే నీలం వస్తుందని మా వైపు అందరూ చేస్తారు. మీరు చెప్పినంత గొడవ లేకుండా.

సునాబెడ_ఎర్రమట్టి
మేకు ఇనుము. నీలం అల్యూమినియంది. గుణుపూర్‌లో మేకులు పాతినచోట నీలం వచ్చిందంటే ఆ మట్టి మొదటి నుంచీ ఆమ్లమే అయ్యుంటుంది, మేకు లేకపోయినా వచ్చేది. తీసెయ్యండి, కలుపు తీసేటప్పుడు చేతికి గుచ్చుకుంటాయి.

గుణుపూర్_గులాబీ
మరి పటిక? అది పనిచేస్తుందా, అదీ వట్టి మాటేనా?

సునాబెడ_ఎర్రమట్టి
పటిక పనిచేస్తుంది. కొట్లో దొరికే పటికలో అల్యూమినియం సుమారు 5.7 శాతం. నీళ్లు తేర్చడానికి వాడే అల్యూమినియం సల్ఫేట్‌లో 8 శాతం దాకా. రెండోది దొరికితే లీటరుకి 3–4 గ్రాములు, పటికైతే 5 గ్రాములు. పెరిగిన మొక్కకి 4 లీటర్లు, ముందు మామూలు నీళ్లతో మట్టి తడిపాకే. నెలకోసారి, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. మొగ్గ విచ్చాక పోస్తే ఆ పువ్వు మారదు, వచ్చే ఏటి పువ్వుకే. ఎక్కువ పోస్తే ఆకు అంచులు మాడి నల్లబడతాయి, వేరు కొసలు మొద్దుబారిపోతాయి. ఈ ఏడు పెట్టిన పసిమొక్కకి అసలు వద్దు.

కొలిచాకే పొయ్యండి. ఎండిన మట్టి 20 గ్రాములు, పెట్రోలు బంకులో అమ్మే బ్యాటరీ నీళ్లు (డిస్టిల్డ్ వాటర్) 50 మిల్లీలీటర్లు, అరగంట మధ్యమధ్య కలిపి, తేరిన నీళ్లలో పీహెచ్ కాగితం ముంచండి. బోరు నీళ్లతో చేస్తే బోరు పీహెచ్చే చూపిస్తుంది. కాగితం లేకపోతే ఎండిన మట్టి మీద చెంచాడు వెనిగర్ పోసి చెవి దగ్గర పెట్టుకోండి. సన్నగా చుయ్ మన్నా, బుడగలు వచ్చినా మట్టిలో సున్నం ఉన్నట్టే.

సెమిలిగుడ_పెరడు
వెనిగర్ పోశాం. గోడ వార మట్టి చుయ్ మంది, బుడగలు కూడా కనిపించాయి. పనస కింద మట్టి, తూర్పు అంచు మట్టి, రెండూ చప్పుడే లేదు.

సునాబెడ_ఎర్రమట్టి
అయితే తూర్పు అంచుకి ఏ మందూ అక్కర్లేదు. అలాగే వదిలెయ్యండి.

ధర్మాబాద్_రేగడి
మా దిక్కు గా చుయ్ అనుడు పెరడంతా ఉంటది. నాందేడ్ జిల్లా నల్లరేగడి, పీహెచ్ 8 దగ్గర, లోపల సున్నపు గులకలు. హైడ్రాంజియా భూమిల పెడితే రెండు నెలలల్ల పసుపు ముద్ద అయితది. గంధకం ఏసి మట్టిని మారుస్తమని చూస్తరు. ఎర్రమట్టిల అయితే చదరపు మీటరుకు 40, 50 గ్రాముల గంధకం ఏస్తే రెండు మూడు నెలలకు పీహెచ్ అర అంకె దిగుతదేమో. రేగడిల ఎంత ఏసినా సున్నం మింగుతనే ఉంటది. పైకి మడి కట్టినా కిందికెల్లి సున్నం నీల్లు ఎక్కుతయి.

చెయ్యాల్నంటె కుండీ ఒక్కటే దారి. 16 అంగులాల కుండీ, మట్టిది గాని ప్లాస్టిక్‌ది గాని. కొత్త సిమెంటు కుండీ తేవద్దు, అదే సున్నం ఊరుతది. కొబ్బరిపొట్టు రెండు పాల్లు, ఆకు ఎరువు ఒక పాలు, ఎర్రమట్టి ఒక పాలు. కొబ్బరిపొట్టు మూడుసార్లు కడిగి పిండాలె, ఉప్పు ఉంటది. ఇగ బోరు నీల్లల్ల జర జర నిమ్మఉప్పు ఏసుకుంట పీహెచ్ కాగితం 6 చూపించేదాంక కలిపి గవే పొయ్యాలె. వాన నీల్లు డ్రమ్ముల పట్టి పెట్టుకుంటె అన్నిటికంటె మంచిది.

పర్లాకిమిడి_పనస
అంత కష్టపడినా మీకక్కడ పూసిద్దా?

ధర్మాబాద్_రేగడి
నిజం చెప్పాల్నంటె సరిగ పుయ్యది. 43, 44 డిగ్రీల ఎండల ఆకు నిలుపుడే గొప్ప. అందుకే ఎవరన్న అడిగితె వేపకింద, కానుగ కింద కనకాంబరం, డిసెంబరు పూలు, నందివర్ధనం పెట్టుమంట. నీడకు ఓర్సుకుంటయి, రేగడికి ఓర్సుకుంటయి. గుత్తులు గావాల్నని నూరువరహాలు పెడుతరు గాని దానికి గూడ ఆమ్లం మట్టే గావాలె, అదీ పసుపైతది.

కోరాపుట్_మాలి
ధర్మాబాద్ అన్న చెప్పింది కొండ కింది ఊళ్లకీ వర్తిస్తుంది. రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడిలో మట్టి మంచిదే, కానీ చలి చాలదు. గుండ్రటి గుత్తుల రకానికి పూమొగ్గ కట్టాలంటే రాత్రులు 18 డిగ్రీల లోపు ఆరు వారాలైనా ఉండాలి. సెమిలిగుడ, పొట్టంగి, సునాబెడలో అక్టోబరు చివరి నుంచి అది దానంతట అదే దొరుకుతుంది. కింద దొరకదు. నర్సరీలో గుత్తితో కొన్నది చల్లని గదిలో పెట్టి పూయించింది. మొదటి ఏడు చూసి సంబరపడతాం, రెండో ఏడు ఆకులే.

రాయగడ_మిద్దె
నా నాలుగు కుండీల కథ ఇదన్నమాట. మూడేళ్లుగా ఆకులు మాత్రం తమలపాకుల్లా నవనవలాడుతున్నాయి.

జయపురం_జాజి
ఆకులున్నాయిగా, వాటిని ఫెర్న్‌ల పక్కన పెట్టుకోండి, బాగుంటుంది. ఒక జాగ్రత్త: ఆ ఆకు విషం. మేకలు, పశువులు తింటే ప్రమాదం, పసిపిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడాలి. కంచె లేని పెరడైతే వీధి వారన పెట్టొద్దు.

సెమిలిగుడ_పెరడు
సిల్వర్ ఓకుల మధ్యవాటి గురించి ఎవరూ చెప్పలేదు. ఇవాళ ఒకదాని పక్కన బొరిగతో మెల్లగా మట్టి తీసి చూశాను. నర్సరీ కుండీ ఏ ఆకారంలో ఉందో వేరుముద్ద ఇప్పటికీ అదే ఆకారంలో ఉంది. బయట మట్టి తడి, ముద్ద లోపల కొబ్బరిపొట్టు చెక్కపొడిలా పొడిపొడి. ముద్ద చుట్టూ కుంచెల్లాగా, దగ్గర దగ్గరగా సన్నటి గోధుమరంగు వేర్లు అల్లుకున్నాయి. అవి హైడ్రాంజియావి కావు.

సునాబెడ_ఎర్రమట్టి
ఆ కుంచెలు సిల్వర్ ఓకువి. ఆ జాతి చెట్లకి భాస్వరం తక్కువున్న నేలలో బతకడానికి అలాంటి గుత్తివేర్లు వస్తాయి. పై మట్టిలో చాపలా పరుచుకుంటాయి. ఆ చాప మధ్య ఏం నాటినా ఓడిపోతుంది. మీరు వేసిన డీఏపీ సిల్వర్ ఓకుకీ మంచిది కాదు, భాస్వరం ఎక్కువైతే ఆ జాతి ఆకులు పసుపెక్కుతాయి. కాఫీ తోటల్లో నీడకి దాన్ని పెడతారు గనక దాని కింద ఏదైనా వస్తుందనుకుంటారు. కాఫీని ఏడాది పొడుగునా ఎరువేసి సాకుతారు, మనం పూలమొక్కకి అంత చెయ్యం.

కోరాపుట్_మాలి
ముద్ద లోపల పొడిగా ఉంది చూశారా, రెండు మగ్గుల సంగతి అదే. వేరుముద్ద ఒకసారి ఇలా పూర్తిగా ఎండితే నీళ్లని పక్కకి తోసేస్తుంది. పోసింది ముద్ద చుట్టూ జారిపోయి ఓకుకి పోతోంది. ఆరు మొక్కలకీ ఇదే జరుగుతుండొచ్చు.

వానలదాకా బతికించడానికి: మొక్క చుట్టూ జానెడు దూరంలో చిన్న కట్ట వెయ్యండి. సన్నటి ఇనపపుల్లతో ముద్దలో ఏడెనిమిది చోట్ల గుచ్చండి. బకెట్ అడుగున మేకుతో చిల్లు పెట్టి, 10 లీటర్లు నింపి మొక్క పక్కన వదిలెయ్యండి, గంటసేపు చుక్కచుక్కగా దిగాలి. వారానికి రెండుసార్లు చాలు. రోజూ పోసే రెండు మగ్గులు మానెయ్యండి.

నాటు మార్చేటప్పుడు ముద్దని బకెట్ నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచండి. తర్వాత చుట్టూ నాలుగు చోట్ల కత్తితో అరంగుళం లోతు నిలువు గాట్లు పెట్టి, గుండ్రంగా తిరిగిన వేర్లు వేళ్లతో విప్పి నాటండి.

ఓకుల మధ్య ఇంకేమీ నాటొద్దు. రాలిన ఆకుల్ని అక్కడే ఉంచండి. రంగు కావాలంటే ఇటుకల మీద కుండీలు పెట్టండి, నేలకి ఆనిస్తే చిల్లులోంచి వేర్లు పైకి వస్తాయి.

పర్లాకిమిడి_పనస
పనస కింద ఖాళీ ఎలాగున్నాదో అలాగే వదిలీండి అంటే మనసొప్పదు కదా. మొదలు చుట్టూ 5 అడుగులు ఆకులే. అక్కడి నుంచి గొడుగు అంచు దాకా పసుపు పెట్టుకోండి. నీడలో బాగా వస్తాది, ఆకూ అందంగా ఉంటాది. గుంత అక్కర్లేదు, వేర్ల సందున రెండంగుళాల లోతులో కొమ్ము పెట్టి పైన ఆకు ఎరువు కప్పీండి. జనవరిలో తీసీటప్పుడు గడ్డపార వొద్దు, చేత్తోనే లాగీండి.

పనసాకు సంగతొకటి. మందంగా, తోలులాగుంటాది. అలాగే పరిచీస్తే పెంకుల్లాగ ఒకదాని మీదొకటి పడి వాన నీళ్లు పక్కకి జారిపోతాయి. కత్తితో నరికి, గడ్డితో కలిపి రెండు మూడంగుళాలు పరవండి. హైడ్రాంజియా కాండానికి నాలుగు వేళ్లు ఎడంగా.

జయపురం_జాజి
మునగ నీడ పలచన అని కొందరు దాని కింద పెడతారు. గొంగళి పురుగులు రాలతాయి, పువ్వు తెంపడానికి వెళ్లినవాళ్ల చెయ్యి దద్దుర్లే. ఉసిరి నయం. ఆకు సన్నం, కిందకి చుక్కలు చుక్కలుగా ఎండ దిగుతుంది, రాలినా మొక్క మీద పేరుకోదు.

గుణుపూర్_గులాబీ
కత్తిరింపు ఎప్పుడు? గులాబీలతో పాటు అక్టోబరులో కత్తిరిస్తే?

కోరాపుట్_మాలి
పువ్వుండదు. ఈ రకం పాత కొమ్మ మీద పూస్తుంది, వచ్చే వేసవి మొగ్గ అక్టోబరు, నవంబరుల్లోనే కొమ్మ కొసలో కట్టేసి ఉంటుంది. పూలు వాడిన వెంటనే కత్తిరించాలి, ఆగస్టు మొదటి వారం దాటనివ్వొద్దు. గుత్తి కింద బలమైన చిగురు కన్నుల జత చూసి దానికి పావంగుళం పైన. మూడేళ్లు దాటిన మొక్కలో ముదురు కొమ్మలు ఏటా ఒకటో రెండో నేలమట్టానికి తీసెయ్యండి. ఆగస్టు తర్వాత కత్తెర దాచెయ్యండి.

పువ్వు లేని కొమ్మలు నాలుగైదు అంగుళాలవి జులైలో అంట్లకి పనికొస్తాయి. రెండు కణుపులు ఉండాలి. కింది ఆకులు తీసేసి, పై ఆకులు సగానికి కోసి, ఇసుక, కొబ్బరిపొట్టు సగంసగంలో గుచ్చండి. నాలుగు వారాలకి వేరు పడుతుంది. మళ్లీ కొనక్కర్లేదు.

సునాబెడ_ఎర్రమట్టి
ఎరువు కూడా ఆగస్టుతో ఆపాలి. డీఏపీ బదులు అమ్మోనియం సల్ఫేట్ 20 గ్రాములు, సల్ఫేట్ ఆఫ్ పొటాష్ 10 గ్రాములు, మొక్కకి ఏడాదికి రెండుసార్లు: ఫిబ్రవరి చివర ఒకటి, పూత అయ్యాక ఒకటి. కాండానికి అడుగు దూరంలో చల్లి నీళ్లు పెట్టాలి. నత్రజని ఎక్కువైతే ఆకు గుమ్మడంత అవుతుంది, పువ్వు రాదు. వానల్లో ఆకు మీద ఊదా అంచున్న గుండ్రటి మచ్చలు వస్తే ఆ ఆకులు ఏరి కాల్చేసి, మాంకోజెబ్ అనే తెగులు మందు లీటరుకి 2.5 గ్రాములు కలిపి పిచికారీ. నీళ్లు మాత్రం ఎప్పుడూ పాదులోకే, ఆకుల మీద కాదు.

పర్లాకిమిడి_పనస
ఒక్క మాట మర్చిపోయినాను. ఆ సిల్వర్ ఓకులు ఇంటికెంత దూరం? దాని కొమ్మ పెళుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాన్లు. మన వైపు పెద్ద గాలులు ఎక్కువగా వొచ్చీది అక్టోబరులోనే. ఇంటి మీదకి వాలిన కొమ్మలు ముందే తీయించండి. పైన తలకాయ నరకొద్దు, నరికితే పక్కనుంచి వొచ్చిన కొమ్మలు ఇంకా బలహీనం. మొత్తం కొమ్మల్లో నాలుగో వంతు మించి ఒక్కసారే తీయొద్దు.

కొయ్యడం కూడా మూడు కోతలు. మొదలుకి అడుగు దూరంలో ముందు కింద నుంచి మూడో వంతు. దానికి నాలుగంగుళాలు అవతల పై నుంచి పూర్తిగా. మిగిలిన మొండిని బెరడు ఉబ్బెత్తుగా ఉన్న చోటికి బయటగా. కింద కోత లేకుండా పై నుంచి కోసీస్తే కొమ్మ విరిగి బెరడు మొదలుదాకా చీరుకొచ్చీస్తాది.

సెమిలిగుడ_పెరడు
ఒకటి 22 అడుగులు, ఇంకోటి 30. దగ్గరదాని కొమ్మ ఒకటి రేకుల మీదకే ఉంది, వానలకి ముందే తీయిస్తాం.

నిన్న తూర్పున 15 అడుగుల దగ్గరా, 19 అడుగుల దగ్గరా సుద్దతో గీశాం. నెలవంక పొడవు 21 అడుగులు వచ్చింది. ఆరూ అక్కడే పడతాయా? చిల్లు బకెట్ పెట్టి నాలుగు రోజులైంది. పనస కింద రెండు ఇవాళ ఒంటిగంట దాకా నిలబడ్డాయి. మూడోది మాత్రం తెల్లారి కూడా వాలే ఉంది, కొసలు ఎండాయి.

కోరాపుట్_మాలి
21 అడుగుల్లో 4 అడుగుల ఎడంతో ఐదు వస్తాయి, అటూ ఇటూ రెండున్నర అడుగులు వదలాలి. గోడ వారదాన్ని మధ్యలో పెట్టండి, పెద్దది కదా. దాని ముద్దకి అంటుకున్న సున్నపు మట్టి దులిపేసి నాటండి.

మూడోదాని కాండం కొస నుంచి కిందకి గోటితో కొద్దికొద్దిగా గీకుతూ రండి. పచ్చ కనిపించిన చోట ఆగి, దాని కింద కన్నుల జతకి పైన కొయ్యండి. ఇది పూత కోసం కాదు, బతకడం కోసం, కాబట్టి మే అయినా పరవాలేదు. నేల దాకా గోధుమరంగే ఉంటే మొదట్లో మట్టి వేలితో తియ్యండి. వేరు తెల్లగా గట్టిగా ఉంటే కింద నుంచి చిగురు పెడుతుంది, జూన్ దాకా ఉంచండి. నల్లగా మెత్తగా ఉండి, లాగితే పైతొక్క ఊడి చేతికొస్తే పీకేసి, ఆ గుంత మట్టిని మాత్రం మిగతా ఐదింటి దగ్గరికి తీసుకెళ్లకండి.

సెమిలిగుడ_పెరడు
గీకాను. నేలకి రెండంగుళాల పైన పచ్చ ఉంది. కింద ఒక కన్ను కూడా కందిగింజంత ఉబ్బి ఉంది.

కోరాపుట్_మాలి
అయితే ఆ కన్నుకి పైన కోసి వదిలెయ్యండి. ఆకులు లేవు గనక దానికి బకెట్ నీళ్లు ఎక్కువ, వారానికి 3 లీటర్లు చాలు. ఆరోదాన్ని కుండీలో పెట్టి వచ్చే జూన్ దాకా పెంచండి.